రంగు పట్టని ముక్క

మొన్న శుక్రవారం ల్యాబ్ చాచా గుండె ఆగి పోయినారు. ఆయన కూతురు ఫోన్ చేసేటప్పటికి నేను ఎమ్మిగనూరు బడిలో ఎనిమిదో తరగతికి పాఠం చెప్తున్నాను. పాఠం ముగించి, అప్పుడు బయటికొచ్చి ఏడ్చినాను. పనిని సగంలో వదిలేస్తే ఆయన ఒప్పుకునే మనిషి కాదు.

ఆదోనిలో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబులో ఆయన టెక్నీషియన్. ఆరేళ్ల కిందట నా రొమ్ములోని గడ్డ నుంచి సూదితో ముక్క తీసిన రోజు పరిచయమైనారు. తీసిన నిమిషంలోనే దాన్ని చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో వేసి, సీసా మీద టైం రాసినారు.

"ఆలస్యమైతే ముక్క అబద్ధం సెప్తాదమ్మా" అన్నారు.

క్యాన్సరని తేలింది. ఆపరేషన్ చేసి గడ్డ తీసిన రోజు చాచా సెలవులో ఉన్నారు. దాన్ని ఫార్మలిన్‌లో కాకుండా ఉప్పునీళ్లలో వేసి మరుసటి రోజు దాకా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత హార్మోన్ రిసెప్టర్ల పరీక్షకు పెద్ద ల్యాబుకు పంపితే, లేవని రిపోర్టు వచ్చింది. అవి ఉంటే పరీక్షలో కణాలకు గోధుమ రంగు పడుతుంది, ఏళ్ల తరబడి మాత్రలతో జబ్బును అణిచిపెట్టొచ్చు. లేకుంటే ఆ దారి మూసుకున్నట్టే.

నా రాత ఇంతే అనుకున్నాను. చాచా అనుకోలేదు. స్లైడు తెప్పించి మైక్రోస్కోపు కింద చూసి, నన్ను వెంటబెట్టుకుని డాక్టరు గదిలోకి పోయినారు.

"సార్, పక్కనుండే మంచి కణాలక్కూడా రంగు పట్టలేదు. వాటికి పట్టాల కదా! పరీక్షే సరిగా కాలేదు."

"రిపోర్టు వచ్చేసింది కదప్పా. మళ్లీ ఎందుకు?"

"వచ్చింది సార్, తప్పుగా వచ్చింది. సూదితో తీసిన ముక్క మైనంలో భద్రంగా ఉంది. దానికి చేయిద్దాం."

డాక్టరు విసుక్కున్నారు. చాచా కూర్చోలేదు, బయటికీ పోలేదు. సంతకం పెట్టేదాకా బల్ల ముందు అట్లే నిలబడినారు. ఆ మైనం దిమ్మెను తానే బస్సులో తీసుకుపోయి పెద్ద ల్యాబులో ఇచ్చి వచ్చినారు.

కొన్నాళ్లకు ఫోను. "పట్టింది బేటీ! గోధుమ రంగు, బాగా పట్టింది!"

అప్పటినుంచి రోజూ ఒక మాత్ర. ఎప్పుడైనా దండం పెట్టబోతే కసురుకునేవారు. "లేదు అని రాసే ముందు నాలుగుసార్లు సూడాల. ఆ మాట మోసేది మనం కాదు. నేను చేసింది అంతే."

నిన్న ఆదోనిలో ఆయన ఇంటికి పోయినాను. వరండాలో నేనెరగని ఆడవాళ్లు కూర్చోనున్నారు. సి.బెళగల్ నుంచి ఒకరు, మంత్రాలయం నుంచి ఒకరు. వాళ్ల ముక్కలూ ఆయన చేతిమీదుగా పోయినవేనంట. తుగ్గలి నుంచి వచ్చినామె కొంగు గాలికి తలమీంచి జారింది. వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి, వేలెడు కూడా లేవు. అందరూ చూస్తున్నారు. ఆమె కొంగు సర్దుకోలేదు. ఎండ ముఖాన పడుతుంటే అట్లే కూర్చుంది.