చుక్కానికి రెండు పిన్నులు

మొన్న మా నాచారం అపార్టుమెంటులో ఇనుప గేటుకు రంగు వేయించి, ఆరాక మళ్ళీ ఎక్కించబోతే, ముగ్గురు మనుషులు అరగంటసేపు ఆపసోపాలు పడ్డా అది పిన్నుల మీద కూర్చోలేదు. పాలప్యాకెట్టు పట్టుకుని చూస్తున్న నాకు వాళ్ళ తిప్పలకు కారణమేమిటో ఇట్టే తెలిసిపోయింది, ఎందుకంటే అచ్చం అదే తప్పు ఇరవయ్యేళ్ళ వయసులో నేనూ చేశాను, అదీ పదిమంది ఎదుట, హుస్సేన్‌సాగర్ ఒడ్డున.

మల్లాపూర్‌లో మా మేనమామకు రెండు లేతు మిషన్ల చిన్న వర్క్‌షాపు ఉండేది. డిప్లొమా చేసి వచ్చిన నన్ను ఆయన పనిలోకైతే తీసుకున్నాడు గాని, కూర్చోబెట్టింది మాత్రం టైపు మిషను ముందు. డ్రాయింగు బల్ల దగ్గరికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. చదివిన చదువొకటి, చేతికిచ్చిన పని ఒకటి కావడమంటే ఏమిటో మన తరం ఆడవాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఏడాదిపాటు ఉత్తరాలు కొడుతూ లోలోపల ఉడికిపోయాను.

అప్పుడే మా వదిన వాళ్ళ నాన్నగారు, మిలిటరీలో రిటైరై సైనిక్‌పురిలో స్థిరపడిన పెద్దమనిషి, ఎక్కడో ఒక పాత తెరచాప పడవను కొని తెచ్చి పెరట్లో పెట్టుకున్నారు. హుస్సేన్‌సాగర్‌లో జరిగే తెరచాప పడవల పందెంలో దాన్ని తనే నడపాలని ఆయన ముచ్చట. దాని స్తంభాన్ని నిలబెట్టే తీగల కింది పట్టీలు తుప్పుపట్టి పొట్టు రాలుతున్నాయి, స్తంభం కొసనున్న కప్పీ బిగుసుకుపోయింది, ఇక చుక్కానిని పడవ వెనక తగిలించే రెండు పిన్నుల్లో ఒకటి విరిగింది, ఒకటి వంగింది. బాగుచేసే పని మా వర్క్‌షాపుకే వచ్చింది. నేను పోరగా పోరగా మామ దాన్ని నాకప్పగించి, ఒక షరతు పెట్టాడు.

"వచ్చే ఐతారం పందెంల పడవ నడిస్తే బల్ల నీది. నడ్వకుంటే మల్ల టైపు మిషనే. మల్లెప్పుడు అడగొద్దు."

తీగలకు స్టీలు పట్టీలను, కప్పీకి కొత్త ఇరుసును, చుక్కానికి ఇత్తడి పిన్నులను గీశాను. నీటుగా గీయడమంటే నాకు పిచ్చి. రెండు పిన్నులూ మూడేసి అంగుళాలు, వెంట్రుకవాసి తేడా లేదు. తయారయ్యాక మామ అంతటివాడు వాటిని అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూసి తలూపాడు. పెరట్లో స్టాండు మీదున్న పడవ వెనకాల రెండు రింగుల్లోకి, చుక్కానికి బిగించిన ఆ పిన్నులు సుతారంగా దిగిపోయేసరికి, గెలిచేసినట్టే మా వదిన పాయసం కూడా చేసింది.

చుక్కాని పడవ అడుగుకన్నా కిందికి ఉంటుంది కనుక, పడవ నీళ్ళలోకి దిగాకే దాన్ని తగిలించాలి. ఆదివారం పొద్దున మా గర్వమంతా అక్కడ దిగిపోయింది. పడవ ఊగుతూ ఉంటే పై పిన్ను అందినప్పుడు కిందిది తప్పేది, కిందిది అందితే పైది. మిగతా పడవలవాళ్ళు అప్పటికే తెరచాపలు ఎత్తేశారు. నడుంలోతు నీళ్ళలో నిలబడ్డ మామ నావైపు తిరిగాడు.

"ఏందే, గిట్లయితాంది? ఇంటికాడ మంచిగనే ఎక్కె గద!"

ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి. టైపు మిషను కళ్ళముందు కనబడింది. అయినా ఆ పిన్నులనే చూస్తూ నిలబడితే మెల్లగా అర్థమైంది. స్టాండు మీద పడవ కదలలేదు కనుక రెండూ ఒకేసారి దిగాయి. ఊగే నీటి మీద ముందు ఒకటి దిగి పట్టునివ్వాలి, తరువాతే రెండోది.

"తప్పు నాదే మామా, రెండూ ఒక్క తీరుగ గీసిన. పైదాన్ని అంగుళం కోసేద్దాం."

"కోస్తే మళ్ళీ అతకదమ్మాయ్, బాగా ఆలోచించుకో," అన్నారు పెద్దాయన.

మామ సంచీలోంచి రంపం తీసి నా చేతిలో పెట్టాడు.

"గీసింది నువ్వు. నువ్వే కొయ్యి."

చీర మోకాళ్ళదాకా తడుస్తూ ఉండగా కోశాను, కొసను ఆకురాయితో గుండ్రం చేశాను. కింది పిన్ను తడుముకుంటూ రింగులోకి దిగింది, దాని వెంటే పైది టక్కున కూర్చుంది. ఆ చప్పుడుకు నేను వేసిన కేకకు ఒడ్డున ఎవరెవరో తిరిగి చూశారు. పడవ ఆలస్యంగా బయలుదేరి కూడా, పడవలు చుట్టి రావలసిన, చివర నీటిమీద తేలే గుర్తు దగ్గర చుక్కాని మాట విని గిరుక్కున తిరిగి, రెండో స్థానంలో వచ్చింది. పెద్దాయన మొదటి స్థానం వచ్చినంత హంగామా చేశారు. నేనైతే రాజ్యం గెలిచాను.

సోమవారం వర్క్‌షాపుకు వెళ్ళేసరికి టైపు మిషను మీద గుడ్డ కప్పి ఉంది. బల్లమీద నా డ్రాయింగు పరిచి ఉంది. మామ నాచేత పై పిన్ను కొలత దిద్దించి, గీసినవారిగా అంతవరకూ తన పేరే ఉంటూ వచ్చిన మూల గడిలో నా పేరు రాయమన్నాడు. ఆ తరువాత ముప్పయ్యేళ్ళు ఆ బల్ల నాదే.

ఇప్పుడు గీతలన్నీ కంప్యూటర్లలోనే. ఈనాటి పిల్లలు నాకన్నా ఎంతో బాగా గీస్తారు, అందులో నాకు అసూయ లేదు. కాకపోతే గీసేది ఒకచోట, తయారయ్యేది ఇంకోచోట, అది ఎక్కిందో లేదో చూసేది మరెవరో. ఒక్క పొరపాటు దొర్లితే ఆ పని మర్నాటికల్లా వేరేవాళ్ళకు పోతుందని చెబుతారు. అది విన్నప్పుడల్లా మామే గుర్తొస్తాడు. తప్పు చేశానని పదిమందిలో ఒప్పుకున్న పిల్ల చేతిలోంచి పని లాక్కోకుండా, ఆ చేతికే రంపం అందించిన మనిషి.