ఇరవైలో ఆరు తప్పులు

2022 వానాకాలం. బళ్లారిలో ఒక నర్సింగ్ హోమ్ మేడ మీద, మెట్ల పక్కన చిన్న గదిలో నేను స్పీచ్ థెరపిస్టుగా పని చేస్తున్నాను. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు అద్దం, బొమ్మల కార్డులున్న రేకు డబ్బా. ఇంతే నా సరంజామా. తలుపు మీద బోర్డు చూసి నత్తి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు ఉండేవారు, పాటల పోటీకి గొంతు బాగు చేయమని వచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పక్షవాతం వచ్చి మాట పోయిన పెద్దవాళ్లే.

దీన్ని మేము అఫేజియా అంటాం. మెదడులో మాటలకు పనికొచ్చే చోటికి రక్తం అందక అది దెబ్బ తింటుంది. నాలుక బాగానే ఉంటుంది, గొంతూ బాగానే ఉంటుంది. చెప్పదలచుకున్నది లోపల ఉంటుంది, దానికి తగిన మాటే దొరకదు. కొందరికి చెప్పడం మాత్రమే పోతుంది. కొందరికి ఎదుటివాళ్లు చెప్పేది అర్థం కావడం కూడా పోతుంది. ఏది పోయింది, ఏది మిగిలింది అని తేల్చడం మా పనిలో మొదటి మెట్టు. పదేళ్ల అనుభవం తర్వాత ఆ మొదటి మెట్టు మీదే నేను బోర్లా పడిన కేసు ఇది.

ఎర్రిస్వామప్ప గారు కంప్లి దగ్గర ఎమ్మిగనూరు రైతు. వరి, చెరకు పండించేవారు. అరవై దాటినా గట్టి మనిషి, తెల్లటి పెద్ద మీసం. కుడి చెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు. నోట్లో మిగిలింది ఒకటే మాట, "ఆయ్తు". కన్నడంలో సరే, అయిపోయింది అని. ఆకలేసినా ఆయ్తు, కోపమొచ్చినా ఆయ్తు. ఆయన భార్య హంపమ్మ గారు వారానికి రెండుసార్లు బస్సులో ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చేవారు. ఊళ్లో ఆయన అరుగు మీద కూర్చుని మాట మొదలుపెడితే బస్సు కూడా ఆగి విని పోయేదని ఆమె చెప్పారు. అటువంటి మనిషికి ఇప్పుడు ఒక్క మాట మిగిలింది.

మొదటి రోజు కేస్ హిస్టరీ తీసుకుంటాం. అంటే మనిషి పుట్టుపూర్వోత్తరాలు, అలవాట్లు, ఇష్టాలు ఇంట్లోవాళ్లను అడిగి రాసుకోవడం. మామూలుగా పావుగంట పని. హంపమ్మ గారు గంటన్నర చెప్పారు. ఆయన చెరకు తోటలో ఎలుగుబంటితో కలబడటం, గంగావతి పహిల్వాన్‌ను పడగొట్టి వెండి కడియం గెలుచుకోవడం, అన్నిటికంటే మిన్నగా పెళ్లిచూపుల నాడు వరదలో ఉన్న తుంగభద్రను ఈది అవతలి ఒడ్డున ఉన్న ఆమె ఊరు చేరడం. పుట్టి తిరగబడితే ఈదుకుంటూ వచ్చి, తడి బట్టలతో గుమ్మంలో నిలబడ్డారట. పుట్టి అంటే అక్కడ ఏరు దాటడానికి వాడే గుండ్రటి తెప్ప. ఆ మాట చెబుతుంటే ఆమె ముఖం పదహారేళ్ల పిల్ల ముఖంలా వెలిగింది. నేను ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాను.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. అబద్ధమాడితే ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారి ముందు నిలబెట్టి చెప్పించేవాడు. అందుకేనేమో, ఎదుటివాళ్లు చెప్పింది నిజమే అనుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. దానికి తోడు, నా కాగితాలు నీట్‌గా ఉంటాయని నాకు కొంచెం గర్వం కూడా.

అర్థం చేసుకునే శక్తిని చూడటానికి మాకు అవును-కాదు పరీక్ష ఒకటుంది. ఇరవై ప్రశ్నలు అడుగుతాం. మాట రానివాళ్లు తల ఊపితే చాలు. పుస్తకంలో ఉన్న ప్రశ్నలు ఐసు వేడిగా ఉంటుందా, కుక్కకు రెక్కలుంటాయా అన్న రకం. మొదటిసారి అవి అడిగితే ఎర్రిస్వామప్ప గారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ముఖం తిప్పుకున్నారు. సరే అని నేనొక తెలివైన పని చేశాననుకున్నాను. హంపమ్మ గారు చెప్పిన జీవితంలోంచే ఇరవై ప్రశ్నలు తయారు చేశాను. మీ ఊరు ఎమ్మిగనూరేనా, మీకు ఇద్దరు కూతుళ్లా, మీరు ఏరు ఈది పెళ్లిచూపులకు వెళ్లారా, ఇలాగ. ఇంట్లోవాళ్లు సైగలు చేసి జవాబులు అందిస్తారు కాబట్టి పరీక్ష జరిగినంతసేపూ హంపమ్మ గారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టేదాన్ని. ప్రశ్నల వరస గుర్తుండిపోకుండా ప్రతిసారీ ముందువెనుకలు చేసేదాన్ని.

ఇరవైకి పద్నాలుగు వచ్చాయి. పదిహేను రోజుల తర్వాత మళ్లీ పద్నాలుగు. ఆ తర్వాత కూడా పద్నాలుగే. అప్పటికి నోట్లోంచి చిన్నచిన్న మాటలు రావడం మొదలైంది. నీళ్లు, అన్నం, బస్సు అంటున్నారు. మాట కదులుతోంది, అర్థం చేసుకోవడం మాత్రం అంగుళం కదలడం లేదు. తప్పు జవాబు వచ్చినప్పుడల్లా "మళ్లీ ఆలోచించి చెప్పండప్పా" అని నేను మెల్లగా అనేదాన్ని. ఆయన ఇంకా గట్టిగా తల అడ్డంగా ఊపేవారు. ఒకసారి నా చేతిలో పెన్ను లాక్కుని గోడకేసి కొట్టారు. నేను ఆ పెన్నే తీసుకుని 'విసుగు, మొండితనం' అని రాసుకున్నాను.

ఆగస్టులో ఒకరోజు హంపమ్మ గారు మెట్ల దగ్గర నన్ను ఆపారు.

"అమ్మా, మాట రాకుంటే పోనీ. మేం చెప్పేది ఆయప్పకి తెలుస్తాందా లేదా, అదొక్కటి చెప్పు. తెలుస్తాంటే దినమంతా ఆయప్పతోనే మాట్లాడ్తా. తెలీకుంటే సుమ్నే ఊరికే గోడతో మాట్లాడినట్లే కదా."

నేను జవాబు దాటవేశాను. అప్పటికే ఇంట్లోవాళ్లు ఆయన ముందే ఆయన గురించి, ఆయన లేనట్టు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. హంపమ్మ గారొక్కరే రాత్రి అన్నాల దగ్గర ఆ రోజు సంగతులన్నీ ఆయనకు చెప్పేవారు, ఇప్పుడు ఆమె కూడా అలసిపోయారు. నా కాగితం మాత్రం అర్థమయ్యేది కొంతే, ఇక పెరిగేలా లేదు అంటోంది. డాక్టర్ గారి రివ్యూకి నేను పంపాల్సిన రిపోర్టులో అదే రాశాను. ఇక్కడి థెరపీ ఆపేసి ఇంటి దగ్గర చేయించుకునే అభ్యాసాలు ఇస్తే చాలని కింద సంతకం కూడా పెట్టాను.

ఆ రిపోర్టు సంగతి చెప్పాల్సిన రోజు వాళ్లబ్బాయి గాదిలింగ కూడా వచ్చాడు. అతను తోరణగల్లులో ఉక్కు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఆ రోజు వీక్లీ ఆఫ్. చెడు మాట చెప్పే ముందు వాతావరణం కొంచెం తేలికపడితే బాగుండునని నేను వాళ్ల ఫ్యాక్టరీ కబుర్లు అడిగాను. అతను మొన్న ట్రైనింగులో ఆడించిన ఆట గురించి చెప్పాడు. ప్రతి ఒక్కరూ తమ జీవితంలో జరిగినవని మూడు సంగతులు చెప్పాలి. రెండు నిజం, ఒకటి అబద్ధం. అబద్ధమేదో మిగతావాళ్లు పట్టుకోవాలి. ఎవరూ పట్టుకోలేకపోతే చెప్పినవాడు గెలిచినట్టు.

అంతలో బల్ల మీద దబ్‌మని చప్పుడైంది. ఎర్రిస్వామప్ప గారు ఎడమ చేత్తో బల్ల చరిచి తన గుండె చూపించుకుంటున్నారు. నేను ఆడతా అని. నేను బొమ్మల డబ్బా ముందుకు జరిపాను. ఆయన చాలాసేపు వెతికి మూడు కార్డులు తీసి వరసగా పేర్చారు. ఎలుగుబంటి, చీర, నది.

ఒక్కో కార్డు మీద వేలు పెట్టి మాటలు కూడగట్టుకున్నారు. "ఎలుగు... చెరకు... కొరికె," అని భుజం చూపించారు. "చీర... నాటకం... దేశనూరు." దీన్ని గాదిలింగ సిగ్గుపడుతూ వివరించాడు. వయసులో ఉన్నప్పుడు బయలాటలో, అంటే వీధి నాటకంలో, నాన్న ఆడవేషం కట్టాడని, దేశనూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ పిల్ల ఎవరి బిడ్డ, మావాడికి చేసుకుంటామని అడిగాడని. మూడోది "ఏరు... ఈత... పెళ్లి." చెప్పడం ముగించి వెనక్కి ఆనుకుని మీసం మీద చెయ్యి వేసుకున్నారు.

నేను ఎలుగుబంటి అన్నాను. గాదిలింగ చీర అన్నాడు, ఆ పెద్దాయన పెళ్లికి అడగడం నమ్మేలా లేదని. హంపమ్మ గారు మూడు కార్డుల వైపూ చూసి తల వంచుకున్నారు.

"మూడూ నిజమే కదమ్మా. భుజం మీద గాటు ఇంకా ఉండాది. చీర కట్టిన ఫోటో ఇంట్లో ఉండాది. ఏరు సంగతి నా కండ్లతో చూసింటి. అబద్ధం యాడుండాది ఇందులో? ఆయప్పకి ఆట తెలీలేదు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనూ అదే అనుకున్నాను. రిపోర్టులో రాసింది సరైనదేనని నాకు నేను సర్దిచెప్పుకుంటూ ఉండగా ఎర్రిస్వామప్ప గారు నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట కదిలేలా నవ్వి, నది కార్డును వేలితో నా వైపు నెట్టారు. భార్య వైపు కాదు, నా వైపు.

"అబద్ధం," అన్నారు. ఆ మాట ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

మేం అడగకముందే ఆయనే మొదలుపెట్టారు. ఒక్కో మాటకీ నుదురు చిట్లిస్తూ, ఎడమ చేత్తో నటిస్తూ. "కంప్లి... మిర్చి... వేడివేడి. టైము... పాయె." కంప్లిలో స్నేహితులతో మిరపకాయ బజ్జీలు తింటూ కూర్చుని ఆలస్యం చేసుకున్నారన్నమాట. "వంతెన... నడిచి. కాలువ... బిందె." లేని బిందెను ఎత్తి నెత్తిన కుమ్మరించుకున్నారు. చివరికి కొంచెం సిగ్గుపడి, "ఈత... రాదు నాకి," అన్నారు.

హంపమ్మ గారు నది కార్డు చేతిలోకి తీసుకున్నారు. "అందుకేనా, కాలువలో ఎద్దులు కడిగేటప్పుడు గూడా మోకాలు దాటి దిగకుంటివి," అన్నారు ఆయనతో. తర్వాత నా వైపు తిరిగి, వాళ్ల నాన్న ఈ సంబంధం వద్దన్నాడని, ప్రాణానికి తెగించి ఏరు ఈది వచ్చినవాణ్ని కాదనడం ఎలాగని తనే పట్టుబట్టి ఒప్పించానని చెప్పారు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఈయన ఒక్కదానితో పని కానిచ్చారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, ఇది నలభై ఏళ్లు ఊడకుండా అతికింది.

ఆమెకు కోపమొస్తుందని నేను భయపడ్డాను. ఆమె ఆయన మంచి భుజం మీద ఒక్కటి చరిచి, "అంటే తెలుస్తాందన్నమాట నీకి, అన్నీ తెలుస్తాండాయి," అంటూ నవ్వుతూనే ఏడ్చేశారు. గాదిలింగ కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. ఆయన ఫైలులోంచి పాత పరీక్ష కాగితాలన్నీ తీసి బల్ల మీద పక్కపక్కన పరిచాను. ప్రతిసారీ ఎన్ని వచ్చాయో లెక్క చూసుకున్నానే కానీ ఏవి తప్పాయో పోల్చి చూడలేదు. ప్రతిసారీ తప్పినవి అవే ఆరు. ఏరు ఈదారా అన్నది అందులో ఒకటి. ఆయన మొదటి రోజు నుంచీ కాదనే అంటున్నారు, నేను మొదటి రోజు నుంచీ తప్పు పెడుతున్నాను.

మిగతా అయిదూ హంపమ్మ గారి ముందే ఒక్కొక్కటిగా అడిగాను. గంగావతి పహిల్వాన్‌ను ఓడించారా? తల అడ్డంగా ఊపారు. మరి వెండి కడియం? "సంత," అన్నారు. పదో తరగతి పాసయ్యారా? అదీ లేదు. ఒక్కరే బురదలోంచి బండి ఎత్తారా? ఎత్తలేదు. కూర్చున్నచోట ఇరవై ఒళిగలు తిన్నారా? "ఎనిమిది," అని వేళ్లు చూపించారు. ఒళిగలంటే బొబ్బట్లు. ఆఖరిది, మీ ఇంట్లో మీ మాటే చెల్లుతుందా? హంపమ్మ గారు పరువుకు అవునని రాయించిన జవాబు అది. ఆయన భార్య వైపు ఒకసారి చూసి, ఇంతవరకూ ఊపనంత గట్టిగా తల అడ్డంగా ఊపారు.

ఇరవైకి ఇరవై. తప్పులన్నీ నా జవాబుల పట్టీవి. మాట లేని మనిషి నిజం చెబుతుంటే నేను మళ్లీ ఆలోచించుకోమన్నాను, దానికి మొండితనమని పేరు పెట్టాను. పెన్ను గోడకేసి కొట్టక ఏం చేస్తారు? నాకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది, అంతకు రెట్టింపు సంతోషం కూడా వేసింది. రిపోర్టు అక్కడే చించేశాను. "మా ఆవిడ బయట ఉన్నప్పుడు డాక్టరమ్మతో నిజమే చెప్పాలి కదా" అన్న అర్థం వచ్చేలా ఆయన ఏదో సైగ చేశారు. నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా వాళ్లు వినలేదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఇంట్లోవాళ్లు చెప్పిన ప్రతి సంగతినీ ఇంకొకరిని అడిగి కానీ ప్రశ్నగా రాయను. లెక్క కంటే ముందు ఏది తప్పిందో చూస్తాను. అదే తప్పు మూడోసారి వస్తే రోగిని కాదు, నా కాగితాన్ని అనుమానిస్తాను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. నలుగురిలో నిలిచే అబద్ధమాడాలంటే నిజం తెలియాలి, ఎదుటివాళ్లకు ఏం తెలుసో తెలియాలి, ఆ రెంటినీ మనసులో పట్టుకుని ముఖం మామూలుగా పెట్టుకోవాలి. అంత పని చేయగలిగిన మనిషి లోపల చెక్కుచెదరకుండా ఉన్నట్టే. అందుకే ఇప్పుడు నా గదిలో ఆ మూడు సంగతుల ఆట తప్పకుండా ఉంటుంది. మా నాన్న వింటే ఏమనేవాడో కానీ, నా రోగులు చక్కగా అబద్ధమాడే రోజు కోసం నేను ఎదురుచూస్తుంటాను.

ఎర్రిస్వామప్ప గారి థెరపీ సంక్రాంతి ముందు ముగిసింది. అప్పటికి చిన్న వాక్యాలు వస్తున్నాయి. ఆఖరి రోజు హంపమ్మ గారు కంప్లి నుంచి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించి తెచ్చారు. పరీక్ష పూర్తయ్యాక, ఇరవై ఒకటో ప్రశ్న తనే అడుగుతానన్నారు. ఈసారి ఆమెను బయటికి పంపలేదు.

"ఇట్ల చూడు. ఏరు పోతే పోనీ. నన్ను ఇష్టపడే చేసుకుంటివా?"

ఆయన బజ్జీ నములుతూ చాలాసేపు ఆలోచించారు. మాట దొరకడం లేదేమోనని నేను అందించబోయాను. కాదు, మీసం కింద పెదవి వణుకుతోంది. నవ్వు ఆపుకుంటున్నారు.

"ల్యా," అన్నారు గంభీరంగా. లేదు అని.

హంపమ్మ గారు ఒక్క క్షణం కూడా ఆగలేదు. నా కాగితం మీద వేలు పెట్టి, "రాసుకోమ్మా, ఇది అబద్ధం," అన్నారు.

నేను ఒప్పు గుర్తు పెట్టాను, ఇద్దరికీ.