ఆమెన్ తర్వాత బేరం

మా అమ్మ నన్ను ఎదురుగా ఎప్పుడూ తిట్టదు. ప్రార్థనలో తిడుతుంది.

సాయంత్రం మా ఇంట్లో జరిగే ప్రార్థనకి ఒక దారి ఉంది. అమ్మ ఏ రోజూ ఆ దారి తప్పలేదు. మొదట లోకం, తర్వాత దేశం, ఆ తర్వాత తను నర్సుగా చేసి రిటైరైన ఆస్పత్రిలోని రోగులు, ఆ వెనక వరసపెట్టి చుట్టాలు. చుట్టాలందరూ అయిపోయాక నేను. నా తర్వాత మా పెద్దమ్మ మోకాళ్ళు, దాంతో ఆమెన్. నా వంతు వచ్చేసరికి అమ్మ గొంతు కాస్త లేస్తుంది. "ప్రభువా, ఈ బిడ్డకు బుద్ధి దయచేయుము. ఆ గదిలో తలుపులు మూసికొని పాడైపోవుచున్నది. నెల జీతము గల ఒక ఉద్యోగమును ఈమెకు అనుగ్రహింపుము." మామూలప్పుడు శ్రీకాకుళం యాస తప్ప మరో తెలుగు రాని మనిషి, కళ్ళు మూసుకుంటే చాలు, బైబిలు భాషలోకి దిగిపోతుంది. ఎదురు చెప్పే వీలుండదు. నా కళ్ళూ మూసే ఉండాలి, పైగా ఆవిడ మాట్లాడేది నాతో కాదు.

"ఆ గది" అంటే నా స్టూడియో. కోరాపుట్‌లో మా ఇంటి వెనక గదికి పాత బొంతలు మేకులు కొట్టి తగిలించి, కిటికీకి పరుపు అడ్డంపెట్టి నేను కట్టుకున్న రికార్డింగ్ స్టూడియో. చర్చి సంఘాల పాటలు, ఒడియా పెళ్ళి పాటలు, ఆటోల మీద తిరిగే ప్రకటనలు, ఏవి వస్తే అవి రికార్డు చేసేదాన్ని. మా వాళ్ళంతా టీచర్లు, నర్సులు, ఆఫీసు గుమాస్తాలు. పింఛను రాని పనిని మా ఇంట్లో పని అనరు. కాబట్టి స్టూడియో అనే మాట అమ్మ నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఎవరైనా అడిగితే "ఆ గదిలో ఏదో సేసుకుంటంది" అనేది.

ఆ ఏడు క్రిస్మస్‌కి ముందు నా మిక్సర్ చచ్చిపోయింది. మిక్సర్ అంటే అన్ని మైకుల శబ్దాన్నీ ఒకచోట కలిపి, ఎవరి గొంతు ఎంత వినపడాలో తేల్చే పెట్టె. వానలకి చలేసిందో ఏమో, ఒక బల్లి వెచ్చగా ఉంటుందని అందులో దూరింది. బల్లీ పోయింది, మిక్సరూ పోయింది. లమ్తపుట్ నుంచి ఒక సంఘం వాళ్ళు పెద్ద బృందంతో క్రిస్మస్ పాటలు రికార్డు చేయించుకోవడానికి రాబోతున్నారు. అంతమంది గొంతులు పట్టే కొత్త మిక్సర్ కొనే స్తోమత నాకు లేదు. అప్పుడే అమ్మ తనకి తెలిసిన స్కూల్లో ఆఫీసు ఉద్యోగం ఖాళీ ఉందని కబురు మోసుకొచ్చింది. ఒళ్ళు మండి, లమ్తపుట్ వాళ్ళు వచ్చేలోగా మిక్సర్ దొరక్కపోతే స్కూల్లో చేరిపోతానని అనేశాను. అమ్మ వెంటనే కళ్ళు మూసుకుని ఆ మాట దేవుడికి కూడా చెప్పి ఉంచింది.

రెండ్రోజుల్లో సంఘం ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. రాయగడ దగ్గర ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఒకాయన మిక్సర్ అమ్ముతున్నాడట. ఫోటోలో ఉన్నది మిక్సర్‌లా లేదు. కరెంటు సబ్‌స్టేషన్‌లో ఉండాల్సిన ఇనప బల్ల మీద ఎవరో లేసు గుడ్డ కప్పి, దాని మీద పూలకుండీ పెట్టినట్టుంది. నేను బయల్దేరుతుంటే అమ్మ కూడా చీర మార్చుకుంది.

"నువ్వెందుకమ్మా, దూరం కదా" అన్నాను.

"నువ్వు కోపంలో ఏదో ఒకటి కొనీగలవు. నాను సూస్తాను."

ఆస్పత్రిలో వాడిన టార్చిలైటు సంచిలో వేసుకుని రైలెక్కింది. దారిలో సొరంగం వచ్చినప్పుడల్లా ఆ టార్చి వేసి నా మొహం చూసేది. ఎందుకని అడిగితే చీకట్లో నేను ఏం ఆలోచిస్తున్నానో చూద్దామని అంది.

మిక్సర్ ఆయన ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసే టెక్నీషియన్. విజయనగరం వైపు మనిషి. ఆ నెలలోనే రిటైరై క్వార్టరు ఖాళీ చెయ్యాలి. వందనాలు, టీలు అయ్యాక లేసు గుడ్డ తీశాడు. టౌన్‌షిప్ ప్రార్థన కూడికల కోసం తన చేతుల్తో తనే చేసిన మిక్సర్ అది. ఫ్యాక్టరీ వాళ్ళు పారేసిన ప్యానెళ్ళని అడిగి తెచ్చుకున్నాడట. ఒళ్ళంతా ఫ్యాక్టరీ ఆకుపచ్చ రంగు. శబ్దం పెంచడానికీ తగ్గించడానికీ గుప్పిట్లో పట్టనంత నల్లటి మరలు. వాటి పైన ముల్లు ఊగే గుండ్రటి మీటర్లు, మీటర్ల మీద ఇంకా ఆవిరి పీడనం లెక్కలే ఉన్నాయి. ప్రతి మర కిందా తెల్ల పెయింటుతో తెలుగులో పేరు రాసి ఉంది: పాస్టరు, ఆడవాళ్ళు ముందు వరస, ఆడవాళ్ళు వెనక వరస, హార్మోనియం, డోలక్కు. చివరి మర కింద దగ్గు అని ఉంది.

నా పరీక్ష నేను మొదలుపెట్టాను. పాత మిక్సర్ కొనేముందు మైకులేవీ పెట్టకుండా అన్ని మరలూ చివరికంటా తిప్పి, దాని ఊపిరి వినాలి. ఇది ఘుయ్యిమంది. తర్వాత ఒక్కో మరనీ మెల్లగా తిప్పి కరకరలాడుతుందా అని వినాలి. మూడు కరకరలాడాయి. ఆ తర్వాత మైకు పెట్టి ఒక్కో మరా పలుకుతోందో లేదో చూడాలి. అన్నీ పలికాయి, దగ్గు తప్ప.

"ఇది చచ్చిపోయిందండి" అన్నాను, తప్పు దొరికిన సంతోషంతో.

"అది సావనేదమ్మా, పుట్టనేదు. లోపల వైరే నేదు" అన్నాడాయన. "మా కూడికలో పెద్దాయన ఒకాయన ఉండీవోడు. మైకు నేకపోతే పాడడు, పాడితే దగ్గుతాడు. ఆయనకో మైకు కావాలి కదా. ఈ మర ఆయనకే సేసేను. ఎన్నేళ్ళు పాడేడో సంతోషంగా."

ఈలోగా అమ్మ తన పరీక్ష తను చేస్తోంది. టార్చి వేసి కన్నాల్లోకి చూసింది. అరచెయ్యి తిప్పి, వెనక వైపు మిక్సర్ నుదుటికి ఆనించింది. దానికి నుదురు ఎక్కడుందో నాకు తెలీదు గాని అమ్మకి తెలిసింది.

"దీనికి జొరం ఉందమ్మి."

"ట్రాన్స్‌ఫార్మరండి సిస్టర్ గారూ, ఆ మాత్రం వెచ్చన నార్మలే."

"మరి ఈ మూలుగు ఎన్నాళ్ళ నుంచి?"

ఆయన తల గోక్కున్నాడు. "మొదట్నుంచీ ఉందండి."

"రాత్రులు ఎక్కువా, పగలెక్కువా?"

ఆయన నిజంగానే ఆలోచించి, రాత్రులే ఎక్కువని చెప్పాడు. అమ్మ నా వైపు చూసి తల ఊపింది. నాకు నవ్వాగక హెడ్‌ఫోన్ పెట్టుకుని మొహం గోడ వైపు తిప్పుకున్నాను. చివరికి ఎవరైనా పాడితేగాని తేలదన్నాను. ఆయన భార్య సిగ్గుపడింది. అమ్మ పడలేదు. మైకు ముందుకి జరిగి, గొంతు సవరించుకుని, ఒక పాత కీర్తన ఎత్తుకుంది.

ఆ గొంతు నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. వంటింట్లోంచి, పెరట్లోంచి, పక్క గదిలోంచి, ఎప్పుడూ దేనికో ఒకదానికి అడ్డం వస్తూనే విన్నాను. ఆ ఆకుపచ్చ డబ్బాలోంచి వచ్చేసరికి మాటకి ముందు తీసుకునే ఊపిరి కూడా వినపడింది. గుండ్రంగా, నిండుగా ఉంది. ఈ మిక్సర్ నాక్కావాలి అనుకున్నాను. పాత సామాను కొనడానికి వెళ్ళినప్పుడు మొహంలో ఏమీ కనపడనివ్వకూడదు. ఎంత బిగించుకున్నా నాకది చేతకాలేదు.

అమ్మ పై స్థాయి అందుకుంది. అంతే, గది అదిరిపోయేలా ఫ్యాక్టరీ కూత మోగింది.

"శబ్దం ఎక్కువైతే ఎర్ర లైటు వెలగాలి కదమ్మా మిక్సర్లకి," అన్నాడాయన, కూతని మించి అరుస్తూ. "నాకప్పుడు లైటు దొరకనేదు. హూటర్ దొరికింది."

ఎదురు క్వార్టర్లోంచి ఒకాయన తలకి హెల్మెట్, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో గబగబా బయటికొచ్చి, గేటు దాకా వెళ్ళి, వాచీ చూసుకుని, మా కిటికీ వైపు ఒక చూపు చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత బేరం. మూలుగు, కరకర, వైరు లేని దగ్గు, షిఫ్టు కూత, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన ధర దగ్గర కదల్లేదు. ఇనప సామాన్లవాడు కూడా వచ్చి చూసి వెళ్ళాడన్నాడు. నాకు ముక్కు మీద కోపం ఉండనే ఉంది. అయితే వాడికే ఇచ్చుకోండని లేచి నిలబడ్డాను. లేచాక గాని నేను స్కూలు ఆఫీసు వైపు నడుస్తున్నానని గుర్తు రాలేదు. మాట వెనక్కి తీసుకోవడం నాకు రాదు. చెప్పుల వైపు వెళుతుంటే అమ్మ అంది:

"పార్థన సేసుకొని ఎల్దాం."

విశ్వాసుల ఇంటికి వెళ్ళి ప్రార్థన చెయ్యకుండా లేచి రావడం మాలో ఉండదు. కొట్టుకున్నా సరే, ప్రార్థించి కొట్టుకోవాలి. అందరం కళ్ళు మూసుకున్నాం. కోపంలో నేను మైకు ఆపలేదు. స్పీకరు కిటికీలో ఉంది.

"పరిశుద్ధుడవైన తండ్రీ," అని అమ్మ మొదలుపెట్టింది. ఆ గొంతు క్వార్టర్ల వరసంతా వినపడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ప్రార్థన మధ్యలో లేచి ఆపలేను. "ఈ సహోదరుని చేతులకు నీవిచ్చిన నేర్పు కొరకు స్తోత్రములు. అయితే ప్రభువా, ఆ మూలుగును నీవెరుగుదువు. ఆ జ్వరమును నీవు చూచితివి. సహోదరుని హృదయమును మెత్తపరచుము."

అమ్మ ఊపిరి తీసుకున్న సందులో ఆయన అందుకున్నాడు. "ప్రభువా, ఇనుమును కలుగజేసినవాడవు నీవే, నేడు దాని వెల నీకు తెలియనిది కాదు. అయినను ఈ బిడ్డ తన తల్లి పాట వినుచున్నప్పుడు ఆమె మొహము నేను చూచితిని. కొంత తగ్గించుటకు నాకు మనసునిమ్ము."

"కొంత అనగా ఎంతో స్పష్టపరచుము తండ్రీ" అంది అమ్మ.

అప్పుడు అంతవరకూ నోరు విప్పని ఆయన భార్య గొంతు వినపడింది. "దేవా, ఈ నెలలో మేము క్వార్టరు ఖాళీ చేయవలెను. ఈ మిక్సరు ఈ గదిలోనే చేయబడెను, ఇది తలుపులో పట్టదు. ఆ సంగతి నా భర్తకు జ్ఞాపకము చేయుము."

తర్వాత ఆయన దేవుడికి కొత్త ధర చెప్పాడు. ఇంకాస్త తగ్గేలా ఉంది, ఇంకొక్క వాక్యం చాలు అనుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు అమ్మ ఇలా అంది:

"నా కూతురి స్టూడియోకు నీవు అనుగ్రహించిన ఈ మిక్సరు కొరకు నీకు కృతజ్ఞతలు చెల్లించుచున్నాము. ఆమెన్."

దేవుడికి కృతజ్ఞతలు చెప్పేశాక ఇంకేం బేరం? ఉలిక్కిపడి ఒక కన్ను తెరిచాను. ప్రార్థనలో కళ్ళు తెరవడం మా ఇంట్లో మహా పాపం. అమ్మ అప్పటికే ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది. ఇంతలో కిటికీ బయటి నుంచి, ఎదురు క్వార్టర్లోంచి, పక్క వరండాల్లోంచి పది పదిహేను గొంతులు "ఆమెన్" అన్నాయి.

ఆమెన్ అన్నవాళ్ళే వచ్చి కిటికీ చట్రం ఊడదీసి మిక్సర్‌ని బయటికి దింపారు. హెల్మెట్ ఆయన హెల్మెట్‌తోనే వచ్చి ఒక మూల పట్టాడు. దసమంతపూర్ నుంచి అల్లం తెచ్చి దింపి ఖాళీగా వెనక్కి వెళుతున్న వ్యాను ఒకటి దొరికింది. మమ్మల్ని కోరాపుట్‌లో దింపి వెళతానని డ్రైవరు ఒప్పుకున్నాడు. ఆ డబ్బా ఏమిటని ఒడియాలో అడిగాడు. అమ్మ ఏమనుకుందో గాని, "రోగి" అని ఒడియాలోనే చెప్పింది.

దారి పొడుగునా నేను గొణుగుతూనే ఉన్నాను. "ఆయన ఇంకా దిగీవోడమ్మా. థాంక్స్ సెప్పీసేక నానింకేటి బేరమాడతాను?"

"నీతో సెప్పేనేటి? దేవుడితో సెప్పేను" అని, ఖాళీ అల్లం బస్తాల మీద తల ఆన్చి పడుకుంది.

ఘాటు ఎక్కాక, నా కోపం కాస్త చల్లారాక, అమ్మ ప్రార్థనలో అన్న మాట నాకు అప్పుడు వినపడింది. నా కూతురి స్టూడియో. అమ్మ వైపు చూశాను. గురక పెడుతోంది.

మిక్సర్ మూలుగు మా ఇంటి ఎర్తింగు సరిచేస్తే సగం పోయింది. మర్నాడు సాయంత్రం ప్రార్థనకి కూర్చున్నాం. లోకం అయింది, దేశం అయింది, రోగులు అయ్యారు, చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్ళారు. నా వంతు వచ్చింది. అలవాటు కొద్దీ భుజాలు బిగించుకుని కూర్చున్నాను. అమ్మ నన్ను దాటేసి, నేరుగా మా పెద్దమ్మ మోకాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

బుద్ధి అడగలేదు. ఉద్యోగం అడగలేదు. ఇన్నేళ్ళూ ఆ వాక్యం ఎప్పుడు అయిపోతుందా అని కూర్చున్నదాన్ని, అది లేకపోయేసరికి నాకు ఏడుపొచ్చేసింది. ఏంచెయ్యాలో తెలీక గట్టిగా "ఆమెన్" అనేశాను.

"ఇంకా అవనేదమ్మీ" అంది అమ్మ కళ్ళు మూసుకునే, మళ్ళీ మోకాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టింది.