మూడు ఆదివారాల దిష్టి

పోయిన వారం వంటింట్లో పగిలిన టైల్స్ మార్పిద్దామని నేనూ మా అమ్మాయీ ఘాజియాబాద్‌లో మా ఇంటి దగ్గర ఉన్న ఒక కొట్టుకి వెళ్ళాం. కొట్టతను మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించి, నల్లవీ తెల్లవీ చిన్న చిన్న గళ్ళున్న టైల్స్ నాలుగు తెచ్చి మా కాళ్ళ ముందు పరిచాడు. మా అమ్మాయి చటుక్కున ముఖం తిప్పుకుని నా మోచెయ్యి పట్టుకుంది. "భయ్యా, ప్లెయిన్ దిఖాయియే" అంది, గళ్ళు లేనివి చూపించమని. అతను వినలేదు, ఈ రోజుల్లో అందరూ ఇవే వేయించుకుంటున్నారంటూ ఇంకో రెండు పరిచాడు. నేను వంగి వాటన్నిటినీ ఒక్కొక్కటిగా బోర్లా తిప్పేశాను. ఈ ముసలావిడకి మతిపోయిందేమోనన్నట్టు చూశాడు. చూస్తే చూశాడు. ఆ గళ్ళు మా పిల్ల కళ్ళకి ఏం చేస్తాయో అతనికేం తెలుసు, కన్నతల్లిని, నాకే ఏడాది పాటు తెలియలేదు.

నాకు సంతకం పెట్టడం తప్ప పెద్దగా రాయడం రాదు. నేను చెబుతుంటే పై అంతస్తులో ఉండే ఆఫీసరుగారి భార్య రాసి పెడుతోంది. నా వయసు ఆడవాళ్ళు చదివితే చాలు, వాళ్ళకి అర్థమవుతుంది.

మాది శ్రీకాకుళం వైపు. మా ఆయన కేంద్ర ప్రభుత్వంలో ప్యూను. సరోజినీ నగర్‌లో రెండు గదుల క్వార్టరిచ్చారు. తాగి తాగి లివరు చెడి ఆయన పోతే, ఆ ఉద్యోగం జాలి తలచి నాకిచ్చారు, ఇరవై రెండేళ్ళు ఫైళ్ళు మోశాను. ఆ క్వార్టర్ల రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె వెచ్చబడుతుంది. చలికాలం ఆదివారాలు ఎండలో నులక మంచాలు వేసుకుని, పంజాబీ ఆవిడ స్వెట్టరు అల్లుతుంటే, బెంగాలీ ఆవిడ వేరుశనక్కాయలు ఒలుస్తుంటే, నేను మా పిల్ల తలకి నూనె పెట్టేదాన్ని. సాయంత్రమైతే దాని చెయ్యి పట్టుకుని మార్కెట్లోకి వెళ్ళడం. అక్కడ బట్టలు నేలమీద గుట్టలు పోసి అమ్ముతారు కదా, ఆ గుట్టలో తల దూర్చి గళ్ళ గౌనో, చారల చొక్కానో లాక్కుని వచ్చేది. గళ్ళంటే ప్రాణం దానికి. బీరువా నిండా అవే.

పిల్లకి ఇరవై ఏళ్ళొచ్చాక ప్రభుత్వ ఉద్యోగ పరీక్షల కోచింగుకని లక్ష్మీ నగర్ వెళ్ళి వస్తుండేది. ఒకనాడు ఆఫీసునుంచి వచ్చేసరికి ఆ గళ్ళ బట్టలన్నీ మూట కట్టి పనిమనిషికి ఇచ్చేసింది. ఇంట్లో ఉన్నవన్నీ వెలిసిపోయినట్టున్న లేత రంగు బట్టలే. ఎవరితోనో ప్రేమలో పడి దెబ్బ తిందేమో అనుకున్నాను. ఆ తరవాత అన్నం దగ్గర పేచీ మొదలైంది. తెల్లన్నం పెడితే కంచం తోసేసేది. అన్నం కదులుతోందనేది. పొద్దున్నే లేచి వండి ఆఫీసుకి పరిగెత్తే దాన్ని, నాకు ఒళ్ళు మండిపోయేది. "ఏటే, నా బియ్యంలో పురుగులున్నాయా? పురుగుల కూడు తినిపించి పెంచేనా నిన్ను?" అని కేకలేసేదాన్ని. అది నా వైపు చూడకుండా గోడ కేసి చూస్తూ కూర్చునేది. గంటలకొద్దీ ఆ గోడనే చూసేది. రాత్రి నిద్ర లేదు, పగలు చదువు లేదు, మనిషి సగమైపోయింది.

మరి మనకేం తోస్తుంది? దిష్టి తగిలిందనుకున్నాను. తండ్రి లేకపోయినా బాగా చదువుతోందని క్వార్టర్లలో అందరూ అంటూనే ఉండేవాళ్ళు.

మా వైపు ఉప్పూ మిరపకాయలతో తీసే దిష్టి చిన్నాచితకా వాటికి. గట్టి దిష్టైతే పాత గుడ్డ పేలిక వత్తిలా పేని, నూనెలో ముంచి వెలిగించి, పటకారుతో పట్టుకుని మనిషి చుట్టూ తిప్పుతారు. కింద పళ్ళెంలో నీళ్ళుంటాయి. మండే నూనె చుక్కలు నీళ్ళలో పడి సుయ్యిమంటాయి. ఎంత గట్టిగా సుయ్యిమంటే అంత గట్టి దిష్టి. మా అత్తగారు నేర్పిన పద్ధతి. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం కర్టెన్లు మూసి, పిల్లని పీట మీద కూర్చోబెట్టి, వత్తి దాని ముఖం ముందు కుడికి మూడుసార్లూ ఎడమకి మూడుసార్లూ తిప్పాను. రెండో చుట్టుకే అది రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని వెనక్కి విరుచుకు పడింది.

"మమ్మీ, రుకో! ఆగ్ జా నహీ రహీ!"

ఆగమంటోంది, నిప్పు పోవట్లేదంటోంది. చేతిలో వత్తి దించేశాను, ఆర్పేశాను, ఇంకా పోవట్లేదంటోంది. గదంతా నిప్పు చుట్లే ఉన్నాయట, నాకు పది చేతులున్నాయట. నేనేమనుకున్నానో చెప్పమంటారా? సంతోషించాను. దేవుడా, ఎంత గట్టి దిష్టి పట్టిందో, ఇంత అరిచిందంటే వదిలిపోతోందన్నమాటే అనుకున్నాను. మూడు వారాలు వరసగా తీస్తే గాని మొత్తం పోదని మా అత్తగారు చెప్పేది.

రెండో ఆదివారం బలవంతాన కూర్చోబెట్టాను. భుజం మీద చెయ్యి నొక్కి పట్టుకుని మరీ తిప్పాను. ఆ రోజు అది అరవలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవి రక్తం వచ్చేలా కొరుక్కుంది. ఆ వారమంతా మంచం దిగలేదు. ఫోను చూడలేదు, పుస్తకం తెరవలేదు. అక్షరాలు చీమల్లా లేచి పోతున్నాయంది. నేను మాత్రం ఇంకొక్క ఆదివారం ఉందిలే అని రోజులు లెక్కపెట్టుకున్నాను.

మూడో ఆదివారం నేను పేలిక పేనుతుండగా అది బ్యాగు సర్దుకుని గుమ్మంలోకి వచ్చింది. లక్ష్మీ నగర్‌లో పీజీలో గది చూసుకున్నానని, ఇంక ఈ ఇంటికి రానని చెప్పింది. పటకారు చేత్తో పట్టుకునే అడ్డంగా నిలబడ్డాను.

"ఏటయ్యిందే నీకు? నీ మంచికి కాదేటి?"

అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు మార్కులు తక్కువ వచ్చినప్పుడు చెప్పినట్టే, నేల చూస్తూ. స్నేహితురాలి పుట్టినరోజుకని గురుగ్రామ్ అవతల ఏదో ఫామ్‌హౌస్‌కి వెళ్ళారట. అక్కడ తపాలా బిళ్ళలో పావు వంతు కూడా లేని కాగితం ముక్క నాలుక మీద పెట్టుకున్నారట. రంగులు కనబడతాయి, నవ్వొస్తుంది అన్నారట. తరవాత ఇంకోసారి.

"దో బార్, మమ్మీ. సిర్ఫ్ దో బార్."

రెండే రెండు సార్లట. ఆ మత్తు ఆ రోజే దిగిపోయింది గాని, కళ్ళల్లో మాత్రం ఉండిపోయిందట. కదిలే ప్రతి దాని వెనకా తోక ఉంటుందట, గళ్ళూ చారలూ పాకుతాయట, తెల్లటి దేన్ని చూసినా సన్నటి ఇసక రాలుతున్నట్టు ఉంటుందట. ఏడాదిగా ఇదే. నాకు పిచ్చెక్కుతోందని నీకెలా చెప్పను అంది.

కాగితం ముక్కేమిటి, మత్తేమిటి, నా కూతురేమిటి. సారా వాసన తెలుసు నాకు, గోడ అవతలనుంచే పసిగట్టగలను. వాసన లేని మత్తు నా ఇంట్లో, నా పక్కలో పడుకుంటే కనిపెట్టలేకపోయాను. చెయ్యెత్తి చెంప మీద కొట్టాను. "మీ నాన్న పోయింది సాలలేదేటే!" అన్నాను. అది ఏడవలేదు, తిరిగి నా చెయ్యి పట్టుకుని, "మారో, లేకిన్ ఆగ్ మత్ ఘుమానా" అంది. కొట్టమ్మా, నిప్పు మాత్రం తిప్పకు. పటకారు ఎక్కడ జారవిడిచానో గుర్తు లేదు, దాని బ్యాగు మాత్రం లోపలికి లాక్కొచ్చాను.

మర్నాడు సెలవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. కళ్ళ డాక్టరు కళ్ళకేం లేదని మనసు జబ్బుల విభాగానికి పంపాడు. అక్కడ కూర్చున్న ఆ మూడు గంటలూ ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. లోపల చిన్న వయసు డాక్టరమ్మ. పిల్ల చెప్పిందంతా ఓపిగ్గా విని, ఇది పిచ్చి కాదు మాతాజీ, అలాంటివి తీసుకున్నవాళ్ళలో కొందరికి చూపు ఇలా కొన్నాళ్ళు మిగిలిపోతుంది, నెమ్మదిగా తగ్గొచ్చు, పూర్తిగా ఎప్పుడు పోతుందో చెప్పలేను అంది. మళ్ళీ ఏదీ ముట్టుకోకూడదు, గంజాయి కూడా. వేళకి నిద్ర పోవాలి. భయపడ్డ కొద్దీ, గోడ చూసి పరీక్షించుకున్న కొద్దీ ఎక్కువవుతుంది. ఇంట్లో ఏమైనా వైద్యం చేశారా అని అడిగింది. చెప్పాను. రాస్తున్న కలం పక్కన పెట్టేసింది.

"మాతాజీ, ఆగ్? ఆంఖోం కే సామ్నే?"

కళ్ళ ముందు నిప్పు తిప్పావా అని. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

అక్కణ్ణుంచి మా ఇద్దరికీ కొత్త బతుకు. వంటింట్లో మిణుకుమిణుకుమనే ట్యూబులైటు తీయించి పసుపు బల్బు పెట్టించాను. గళ్ళ దుప్పటి మడిచి పెట్టేశాను. అన్నంలో ముందే పప్పు కలిపి పసుపు రంగు తేలాకే కంచం దాని ముందు పెట్టేదాన్ని. మొదట్లో నేనింకో తప్పు చేశాను, ఇప్పుడు కదులుతోందా, ఇప్పుడు కదులుతోందా అని రోజుకి ముప్ఫై సార్లు అడిగేదాన్ని. అడిగినప్పుడల్లా అది గోడ చూసేది, చూసినప్పుడల్లా కదిలేది. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నవ్వి, రోగం ఆమెకా మీకా అంది.

తగ్గింది అనుకునేసరికి పరీక్షకి మూడు రోజుల ముందు ఆ జబ్బు మళ్ళీ విరుచుకు పడింది. పిల్ల ఏ మత్తూ ముట్టలేదు, ఏ తప్పూ చెయ్యలేదు, నిద్ర కాచి చదివింది అంతే. పొద్దున్నే వచ్చి, గోడలు ఊపిరి పీలుస్తున్నాయి మమ్మీ, నేను మొదటికొచ్చాను, ఇంక నేను బాగుపడను అంటూ కూలబడింది. నాకు మాత్రం ఏం వచ్చు, మందా మంత్రమా? డబ్బాలో కొత్త చింతపండు ఉంది. దాని ముందు కుమ్మరించి, కళ్ళు మూసుకుని గింజలు తీయమన్నాను. చేతులకి జిగురు అంటుకుంటే, పులుపు వాసన ముక్కుకి తగులుతుంటే, ఈనెలు వేళ్ళకి గుచ్చుకుంటుంటే మనిషి కాస్త నేల మీదికి వచ్చింది. గంట పోయాక కళ్ళు మూసుకునే, "మమ్మీ, ఇత్నా సాంబార్ కౌన్ పియేగా?" అంది. అంత సాంబారు ఎవరు తాగుతారని. ఏడాది తరవాత దాని నోట వేళాకోళం అదే. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ ఏడు పరీక్ష పోయింది. పైఏడు నెగ్గింది. ఇప్పుడు దానికి ఇరవై ఎనిమిది, నోయిడాలో ఒక ఆఫీసులో ఉద్యోగం. నెలలకి నెలలు ఏమీ ఉండదు. నిద్ర చెడినా, ఒళ్ళు వెచ్చబడినా, ఆఫీసులో పని ఎక్కువైనా నాలుగు రోజులు వచ్చి పోతుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మెట్రో ఎక్కుతుంది. వచ్చిన చుట్టం పోతుందిలే అన్నట్టు మాట్లాడుతుంది దాని గురించి. నాకు మాత్రం ఆ మూడు ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది.

క్వార్టర్లన్నీ కూలగొట్టేశారు. అక్కడ ఇప్పుడు మెడ వెనక్కి వంచి చూడాల్సినంత ఎత్తు మేడలు లేస్తున్నాయి. ఎండలో మంచాలు వేసుకున్న ఆ ఆడవాళ్ళు ఎక్కడెక్కడున్నారో. ఆ రోజుల్లో ఒకరింట్లో పోపు మాడితే పదిళ్ళకి తెలిసేది, ఒకరి కళ్ళకి ఏం కనపడుతోందో మాత్రం పక్కన పడుకున్నవాళ్ళకి కూడా తెలిసేది కాదు. ఇప్పుడీ ఫ్లాట్లలో ఎదురింటివాళ్ళ పేరు తెలియదు గాని, మా అమ్మాయి తానుగా వచ్చి, ఈ రోజు కదులుతున్నాయి మమ్మీ అని చెబుతుంది. లేదు, అక్కడేం లేదు అనను. ఎటు పోతున్నాయే అని అడుగుతాను. చూసి చెబుతుంది. ఇద్దరం కాసేపు కూర్చుంటాం.

మా ఆయన ఆఖరి రోజుల్లో గోడ మీద చీమలు పాకుతున్నాయి, దులుపు దులుపు అని అరిచేవాడు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు ఇది. తాగుబోతు కూతలని చీపురు ఆయన ముఖాన విసిరి వంటింట్లోకి పోయేదాన్ని. ఒక్కసారైనా ఆ మంచం అంచున కూర్చుని, ఎటు పోతున్నాయండీ అవి, అని అడిగుండాల్సింది.