హీట్ అంటే వేడి కాదు

నిన్న నూజివీడులో ఎరువుల కొట్టు దగ్గర కూర్చున్నాను. వాళ్ల ముసలి ఆడకుక్క గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగేస్తోందనీ, వేడి చేసిందనీ, మజ్జిగ పోస్తున్నామనీ కొట్టు యజమాని తీరుబడిగా చెప్పుకొచ్చాడు. నాకు ఒళ్లు మండింది. "మజ్జిగ తర్వాత, ముందు డాక్టరుకి చూపించవయ్యా" అన్నాను. "కుక్కక్కూడా అంత కంగారేంటండీ" అని నవ్వాడు. గట్టిగా అందామంటే నాకు నోరు లేదు. అదే మజ్జిగ నేనూ పోశాను.

మా కుక్కకి అప్పటికి పదకొండేళ్లు. చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని పశువుల డాక్టరు చెబితే, బాగున్న గర్భసంచిని కోయించడమేమిటని ఆయనకే అరగంట క్లాసు పీకినవాణ్ణి నేను. ఐదో తరగతితో బడి మానేసినా, వైద్యం పుస్తకాలు బీరువాడు చదివాను మరి. మా మామిడితోటలో చిన్న రసాలు కోతకొచ్చిన రోజుల్లో అది తోటలోని పాక వదిలి కదలడం మానేసింది. లేస్తే తొట్టి దగ్గరికే. పొట్ట కూడా ఉబ్బింది. "ఈ వయసులో కడుపేంటే నీకు" అని మా ఆవిడ దాన్ని వేళాకోళం చేసింది. నేను పుస్తకాలన్నీ తిరగేసి, వేడి అని తేల్చాను. మజ్జిగ, సబ్జా గింజల నీళ్లు, కింద తడిపిన గోనెపట్టా. పది రోజులు ఇదే వైద్యం.

అన్నం కూడా ముట్టకపోయేసరికి, హనుమాన్ జంక్షన్‌లో కొత్తగా వచ్చిన డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"హీట్‌కొచ్చి ఎన్నాళ్లయిందండీ?" అని అడిగింది.

"ఎండలు ముదిరిన కాణ్ణుంచీ హీటేనమ్మా. మజ్జిగ పోస్తూనే ఉన్నాం."

ఆవిడ తెలుగులోకి దిగింది. "ఆ వేడి కాదండీ. ఎద. ఎదకొచ్చి ఎన్నాళ్లయింది?"

ఇరవై ఏళ్లు గేదెల్ని మేపినవాణ్ణి. ఆ ముక్క ముందే అంటే ఏం పోయింది? నెలన్నర అని చెప్పాను. "ఉన్నపళంగా తీసుకొచ్చెయ్యండి" అంది.

పొట్ట స్కాన్ చేసి చూసింది. "గర్భసంచి నిండా చీము పట్టిందండీ. దారి మూసుకుపోయి బయటికి రాలేదు, అందుకే మీకు తెలీలేదు. ముసలి కుక్కలకి ఎద వెళ్లిన నెలా రెండు నెలల్లో వచ్చే జబ్బే ఇది. సంచి తీసెయ్యాలి. మత్తుకి తట్టుకుంటుందని మాటివ్వలేను. తియ్యకపోతే మాత్రం బతకదు."

సంతకం కాగితం నేను అటూ ఇటూ తిప్పుతుంటే మా ఆవిడ నా వైపు తిరిగింది. "ఇంటికెళ్లి ఇంకో పుస్తకం చూసొస్తారా?"

సంతకం పెట్టాను. సెలైన్ ఎక్కించి, మధ్యాహ్నానికి కోశారు. తీసిన సంచిని డాక్టరమ్మ పళ్లెంలో పెట్టి చూపించింది. నా మోచేతి లావుంది. అంత బరువు మోస్తూ ఆ మూగజీవి పది రోజులు నా మజ్జిగ తాగిందన్నమాట, నా మాట కాదనలేక.

అది బతికింది. ఇంకో రెండు వేసవులు చూసింది. నీళ్లకి లేచినప్పుడల్లా ఎన్ని గుటకలు వేస్తోందో వింటూ కూర్చునేవాణ్ణి. పదమూడేళ్లూ అది నా పక్కనే ఉంది. నేను దాని పక్కన ఉన్నది ఆ చివరి రెండేళ్లే.