రాజేశం సేటు మచ్చు చూసిన ఇంటర్నెట్

రాజేశం సేటు దేన్నీ మచ్చు చూడకుండా తీసుకోడు. తాండూరు మార్కెట్ యార్డులో కందులు కొనే మనిషికి అది వృత్తి ధర్మమే అనుకోండి. బస్తా మూతి దగ్గరి గింజల వంక కన్నెత్తి చూడడు. మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, అడుగు నుంచి గుప్పెడు తీసి, ఒక గింజ కొరికి, అప్పుడు ధర మాట్లాడతాడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ అలవాటు మార్కెట్‌లో ఆగదు. మంగలి దగ్గర ముందు ఒక పక్క మీసమే కత్తిరించమంటాడు. అద్దంలో చూసుకుని నచ్చితేనే రెండో పక్క. అల్లుణ్ణి కూడా మచ్చు చూసే తెచ్చుకున్నాడు. పెళ్లిచూపులకొచ్చిన పిల్లవాణ్ణి కందుల సీజన్లో రోజంతా దుకాణంలో కూర్చోబెట్టి, దీపాలు పెట్టేవేళకి కూడా అతనికి కోపం రాలేదని తేలాక పెళ్లి ఖాయం చేశాడు.

నేను ఆయన మేడ మీద అద్దెకుంటాను. ఊళ్లో పిల్లలకు లెక్కలు చెబుతాను. కిందికీ పైకీ ఇంటర్నెట్ ఒకటే. ఆ ఇంటర్నెట్ గడువు నెలాఖరుతో తీరిపోతోంది. పాత కంపెనీవాళ్లు ధర పెంచుతున్నామని కబురు పెట్టారు. కొత్త కంపెనీవాళ్లు గేటుకు కాగితం అంటించి పోయారు.

"మారిపోదాం సేటూ, ఆలోచించేదేముంది?" అన్నాను.

"మచ్చు సూడొద్దా సార్?"

"ఇంటర్నెట్‌కు మచ్చేమిటి?"

"గట్లంటరేంది. కొత్త కంపెనీది నర్సప్ప ఇంట్ల ఉన్నదట, పోదాం పాండ్రి."

నర్సప్ప వెనక వీధిలో ఉంటాడు, నాపరాళ్ల వ్యాపారి. మమ్మల్ని చూసి సంతోషించి, హాల్లో ఇంటర్నెట్ పెట్టె పక్కనే కుర్చీలు వేయించాడు. సేటు కూర్చోలేదు. నర్సప్ప ఫోన్ చేతికి తీసుకుని నేరుగా వంటింట్లోకి, అక్కణ్ణుంచి పెరట్లోకి, పెరటి గోడ దాటి సందులోకి పోయాడు. వెతుక్కుంటూ వెళితే, ఒక బర్రె పక్కన నిలబడి వీడియో చూస్తున్నాడు. నేను మెడ సాచి చూశాను. పెళ్లికూతురి జాకెట్టు చేతుల మీద పూసలు కుట్టే మగ్గం వర్క్.

"సేటూ, లోపట కూసోరి. గీడేం జేస్తరు?" అన్నాడు నర్సప్ప.

"పెట్టె పక్కపొంటి ఎవ్వనికైన మంచిగనే వస్తది. బస్త మీది గింజ ఎప్పుడు మంచిగనే ఉంటది నర్సప్పా. నేను అడుగు సూస్త."

వీడియో ఆగిపోయింది. సేటు తల అడ్డంగా ఊపాడు. "గోడ దాటుతలేదు."

ఇంకో కంపెనీది ఉందని తెలిసి వికారాబాద్‌లో బావమరిది ఇంటికి రైలెక్కి మరీ వెళ్లాడు. సెలవు కదా అని నేనూ వెంట వెళ్లాను. ఈ గోడ గొడవేమిటో తెలియక నాకు నిద్ర పట్టడం లేదు. అక్కడా అదే తంతు. భోజనానికి రమ్మంటే, వెనకింటివాళ్ల గుమ్మంలో నిలబడి మళ్లీ జాకెట్లు చూస్తున్నాడు. ఆ ఇంటి ఆడవాళ్లు తలుపు సగం మూసి తొంగి చూశారు.

"ఈయనకు ఏమాయెనో ఏమో సార్," అంది ఆయన భార్య కస్తూరమ్మ, మేము తిరిగొచ్చాక. "నా జాకెట్ రంగేందో ఇన్నేండ్ల సంది ఎర్కలేదు. ఇప్పుడు ఊరూర తిరిగి ఎవల జాకెట్లు సూస్తుండు?"

"గోడ దాటింది సార్," అన్నాడు సేటు ఆనందంగా. "ముగ్గం వీడియో జర కూడ ఆగలే. గదే పెట్టిద్దాం."

"మగ్గం," అని సరిదిద్దింది కస్తూరమ్మ.

పెట్టె బిగించేవాళ్లు పొద్దున్నే వచ్చి పాతది ఊడదీశారు. కొత్తది హాల్లో పెడతామన్నారు. సేటు ఒప్పుకోలేదు. పాతది ఉన్నచోటే, వంటింటి వెనక కిటికీలో, ఆవకాయ జాడీ పక్కన పెట్టాలన్నాడు. వాస్తు అన్నాడు.

"ఇంటర్నెట్‌కు ఏం వాస్తు? హాల్ల నా సీరియల్ ఆగాగి వస్తది," అంది కస్తూరమ్మ.

"ఆగితే జర ఆరాం తీస్కో."

ఆ పనంతా అయ్యేసరికి సాయంత్రమైంది. అప్పుడు గమనించాను, పగలంతా ఏదో వెలితిగా ఉందని. వెనక గోడ అవతలింట్లో పద్మారాణి జాకెట్లు కుడుతుంది. భర్త లారీ మీద ఉంటాడు. ఆమె కొత్త కొత్త డిజైన్లు వీడియోల్లో చూసి నేర్చుకుంటుందని వీధంతా చెప్పుకుంటారు. పెళ్లిళ్ల రోజులు కావడంతో ఆమె మిషను చప్పుడు పొద్దుట మొదలైతే ఆగదు. ఆ రోజు పొద్దుట్నుంచీ మిషను మూగగా ఉంది.

నా బుర్రలో దీపం వెలిగింది. ఇన్నాళ్లూ ఆమె చూసినవన్నీ మా ఇంటర్నెట్ మీదే. అడిగి తీసుకునే మనిషి కాదు. కప్పు చక్కెర బదులు తీసుకుంటే, కప్పు మీద కుప్పగా పోసి తిరిగిచ్చే మనిషి. వాడుకొమ్మని సేటు నోరు తెరిచి చెబితే ఆ రోజుతో వాడడం మానేస్తుంది. సేటు మీద నాకు పట్టలేనంత ప్రేమ పుట్టింది. కానీ పాస్‌వర్డ్ కొత్తది కదా, ఇప్పుడెలా?

అంతలో డాబా మీంచి కేకలు వినిపించాయి. పరుగున వెళ్లాను. సేటు వెనక పిట్టగోడ దగ్గర, వీపు అటు తిప్పి నిలబడి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరుస్తున్నాడు.

"అరే బావా, మా ఇంటికొస్తే పనికొస్తది, రాస్కో. మన కొత్త పాస్‌వర్డ్! ముందుగాల కంది, దానెన్క పప్పు, ఆఖర్కి ఒకటి రెండు మూడు!"

పోయినేడు పాత పెట్టె వచ్చినప్పుడూ ఇలాగే వీధంతా వినేలా అరిచాడు. రహస్యం దాచడం చేతకాదని అప్పుడు నేను కోప్పడ్డాను కూడా. ఇప్పుడు దగ్గరికెళ్లి చూస్తే, ఆయన చెవి దగ్గరున్నది ఫోను కాదు, టీవీ రిమోటు. కంగారులో అదే దొరికినట్టుంది.

నేను నోరు తెరిచేలోపు గోడ అవతల నుంచి పద్మారాణి గొంతు వినిపించింది.

"జర నిమ్మలంగ చెప్పు సేటూ. పోయినేడు గూడ గిట్లనే ఉర్కిచ్చినవ్."

సేటు మొహం కందిపొడి రంగుకు తిరిగింది. నా వంక చూడలేదు, గోడ వంకా చూడలేదు. రిమోటును చెవికి ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు.

"సరే బావా," అన్నాడు దానితో, "ఇంకోసారి చెప్త, ఇను."

ఈసారి నిదానంగా చెప్పాడు. మేము మెట్లు దిగుతుండగానే కింద కస్తూరమ్మ రిమోటు ఎక్కడుందని ఇల్లంతా వెతుకుతోంది. వెనకింట్లో మిషను మొదలైంది.