బావ దెబ్బ లేని ప్లేటు

మా బావ కాళ్ళు కట్టేసింది నేనే. ఎవరో చెప్తే చేసిన పని కాదు, తాగి చేసిన పనీ కాదు. మద్రాసులో, పట్టపగలు, ఒళ్ళు తెలిసే, ఆయన తలకి చుట్టుకున్న కండువాతోనే కుర్చీకి బిగించి కట్టాను. ఇప్పటికీ ఎవరో ఒక పెద్దాయన ఆ గ్రామఫోను ప్లేటు సంగతి ఎత్తి, "మీ క్లారినెట్టు ఎంత హాయిగా ఉండేదండీ ఆ రోజుల్లో" అంటాడు. నాకు ముందు గుర్తొచ్చేది పాట కాదు, ఆ ముడి. ఆ మాట ఆయనతో అనను. అంటే మళ్ళీ ఆ ప్లేటు వినడు, నాకు ఆ పొగడ్తా మిగలదు.

మాది విజయనగరం మకాంగా ఉన్న మేళం. అరవైల చివరి రోజులు. నలుగురం. నేను క్లారినెట్టు, బావ డోలు, ఒకాయన నా వెనక రెండో క్లారినెట్టు మీద శ్రుతి పట్టేవాడు, ఇంకొకాయనది తాళం. బావంటే మా అప్ప మొగుడు, అప్పంటే అక్క. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. పదిహేనేళ్ళు కలిసి వాయించాం, కూర్చుని ఒక్క పాట వాయించిన పాపాన పోలేదు. అరసవల్లిలో దేవుడి ఊరేగింపయినా, శ్రీముఖలింగంలో శివరాత్రి వెళ్ళాక స్వామి వంశధారకి స్నానానికి బయల్దేరినా, ఏ ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా మాది నడక మీద వాయింపు. కూర్చుని వాయించేది కచేరీవాళ్ళు. మేం వీధివాళ్ళం.

బావకి తాళమంతా కాళ్ళలోనే ఉండేది. కుడికాలు నేల మీద పడితే కర్ర పడేది, ఎడమకాలు లేస్తే వేళ్ళు పలికేవి. పందిట్లో ముహూర్తం వేళ నిలబడమన్నా నిలబడేవాడు కాదు, ఉన్నచోటే కాలు మార్చి కాలు తొక్కుతుండేవాడు. నాకు పాట నేర్పింది మా అయ్య. తాళం నేర్పింది మాత్రం బావే, అదీ రైలు కట్ట పక్కన మైళ్ళకి మైళ్ళు నడిపించి. నేను వేళ్ళ మీద లెక్క పెడుతుంటే చెయ్యి మీద ఒక్కటిచ్చేవాడు. "లెక్కెట్టకొరే, నడు. నడిస్తే అదే వస్తాది" అనేవాడు. నిజంగానే వచ్చింది.

ఒక షావుకారింట పెళ్ళికి మద్రాసు నుంచి గ్రామఫోను కంపెనీ మనిషి ఒకాయన వచ్చాడు. మూడు వీధులు మా వెనకే నడిచి, ఆఖరికి నన్ను పక్కకి పిలిచి, "ఒక ప్లేటు చేద్దాం. రెండు వైపులా మీ క్లారినెట్టే. మీ పేరు మీదే వస్తుంది" అన్నాడు. నా పేరు మీద! అప్పటిదాకా నేను మేళంలో ఒక మనిషిని. ఆ మాటతో మేళం నాదయిపోయింది. పక్కవాద్యాలకి అక్కడ మనుషులున్నారని కూడా చెప్పాడు. "అక్కర్లేదండీ, నాకు మావాళ్ళే కావాలి" అన్నాను. ఊరంతా అది నా అభిమానమనుకుంది. అభిమానమూ లేదు, నా మొహమూ లేదు. బావ డోలు పక్కన లేకపోతే పాటలో ఎక్కడున్నానో నాకే తెలిసేది కాదు. భయం, అంతే.

ఆ సంగతి చెప్పడానికి వెళ్తే బావ వీధరుగు మీద కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. విని, చుట్ట వెలిగించడం మరిచిపోయాడు.

"ఒరే బావా, మా అయ్య ఎంత వాయించినాడో నీకు తెల్దు. ఊళ్ళకి ఊళ్ళు ఆడి ఎనకాలొచ్చీవి. ఆడు సచ్చిపోనాడు, ఆడి దెబ్బ ఆడితోటే పోనాది. ఇప్పుడెవులికైనా గేపకముందేటి? నాది ఒక్కటి ప్లేటులో ఉండిపోవాల. పేరక్కర్నేదు నాకు. దెబ్బ ఉంటే సాలు."

"ఉంటాది బావా, ఎందుకుండదు" అన్నాను.

దాని మీద ఆ మనిషి నెలరోజులు డోలు పట్టుకునే బతికాడు. కొత్త తోలు వేయించాడు, నచ్చక తీయించాడు, మళ్ళీ వేయించాడు. మా అప్ప వీధిలో కనబడ్డ ప్రతి మనిషినీ ఆపి, "మా ఇంటాయన డోలు మద్రాసెల్తన్నాది" అని చెప్పింది. మెయిలెక్కే రోజు స్టేషనుకొచ్చి, పులిహోర పొట్లం నా చేతికిచ్చి, "ఒరే తమ్ముడా, ఆయనకి పెద్దోల్ల మద్దిన బెరుకు. నువ్వు సూసుకో" అంది. సూసుకుంటానన్నాను. బాగా చూసుకున్నాను!

మద్రాసులో ఆ గది తలుపు వేస్తే మన ఊపిరి మనకే వినబడేది. నేలంతా చెక్క. మధ్యలో ఒక్క మైకు, అద్దం అవతల ఇంజనీరు. నా పెదాలు ఎండిపోయాయి గాని, ఒక్కసారి ఊదేసరికి అన్నీ సర్దుకున్నాయి. పాట ఎత్తుకుని పల్లవి దాటానో లేదో ఇంజనీరు ఆపేశాడు.

"ఎవరివో అడుగులు వినిపిస్తున్నాయి."

ఎవరివో ఏమిటి! ముగ్గురం బావ కాళ్ళ వంక చూశాం. బావ కూడా చూసుకున్నాడు. జన్మలో మొదటిసారి చూసుకున్నాడనుకుంటాను.

కింద జంపఖానా పరిచారు. అయినా వినబడింది. సుద్దముక్కతో గీత గీసి అది దాటొద్దన్నారు. గీత దాటలేదు గాని ఉన్నచోటే తొక్కాడు. కుర్చీ వేసి డోలు ఒళ్ళో పెట్టారు. అప్పుడు అడుగుల చప్పుడు పోయింది, తాళమూ పోయింది. కర్ర ఒకచోట, వేళ్ళు ఇంకోచోట. పదిహేనేళ్ళుగా నేను కళ్ళు మూసుకుని ఆనుకున్న గోడ ఊగిపోతోంది.

"కుర్సీలో కూకుంటే సెయ్యి పడట్నేదు బావా" అన్నాడు, అద్దం అవతలికి వినబడకుండా.

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అదొక్కటే కాదు. ఆ అద్దం వెనక మనిషి ముందు నన్ను పల్లెటూరి మేళగాణ్ణి చేస్తున్నాడే అన్న కచ్చ. "ఇన్నాల్లూ నువ్వు వాయిస్తన్నావనుకున్నాను. నీ కాల్లా వాయించింది? గానుగెద్దూ నడుస్తాది, దానికీ డోలు కట్టీమంటావేటి?" అన్నాను. శ్రుతాయన తల దించుకున్నాడు. తాళమాయన తాళాలు తుడుచుకోవడం మొదలెట్టాడు. ఒక్కడూ "ఊరుకో" అనలేదు. నా పేరు మీద వచ్చే ప్లేటు కదా మరి.

బావ డోలు సర్దుకుని మళ్ళీ కర్ర పట్టుకున్నాడు. కుర్చీలో కూర్చునే కింద కాలు ఆడుతోంది, ఆయన ఆపలేకపోతున్నాడు. ఆయన తల మీది కండువా లాగాను. ఏం చేయబోతున్నానో ఆయనకి అర్థమైంది. రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి తనే ముందుకి చాపాడు. "కట్టీ బావా. అదీ సూద్దుం" అన్నాడు. కట్టాను. లాగి చూసి మరీ కట్టాను. మళ్ళీ పాట ఎత్తుకున్నాం. ఈసారి దెబ్బ తప్పడం కాదు, అసలు పడనే లేదు. కర్ర పైకెత్తి, దించడం ఎప్పుడో తెలియక అలా పట్టుకుని ఉండిపోయాడు. చెంపల మీంచి చెమట కారుతోంది. చెమటే అనుకున్నాను.

ఇంజనీరు మంచివాడు. ఆ మాట నేను చెప్పి తీరాలి. బయటికొచ్చి ఆ ముడి చూసి నా వంక ఒక చూపు చూశాడు. చూసి, "ఒక పని చేద్దాం. ఆయన్ని బయట వరండాలో నడుస్తూ వాయించమనండి. తలుపు తీసి ఉంచుతాను. దూరం నించి వినిపిస్తుంది, పెళ్ళి వస్తున్నట్టుగా. బావుంటుంది కూడా" అన్నాడు.

బావ మొహంలోకి రక్తం వచ్చింది. "అలాగే సేద్దుం బావా. నాను బయటే ఉంటాను" అన్నాడు.

"వద్దండీ" అన్నాను నేను.

ఎందుకన్నానో ఇన్నేళ్ళూ నాకు నేను చాలా రకాలుగా చెప్పుకున్నాను. టైము లేదని, శ్రుతి కలవదని. అబద్ధం. దూరం నించి పెళ్ళి వస్తున్నట్టుంటే, ఆ పెళ్ళిలో నడిచే వీధి మేళగాణ్ణి నేనవుతాను. ప్లేటు మీద నేను కచేరీ విద్వాంసుడిలా వినిపించాలి. దానికోసం మా బావని వరండాలోకి కూడా రానివ్వలేదు. "ఇక్కడ డోలు మనిషెవరైనా ఉంటే పిలవండి" అన్నాను.

కింద సినిమా పాటలకి వాయించే ఒకాయన ఉన్నాడు, పిలిస్తే వచ్చాడు. ఆయన దగ్గర డోలు లేదు. నేనే బావ ఒళ్ళోంచి డోలు తీసి ఆయనకిచ్చాను. ఆయన ఇంకో కుర్చీలో రాయిలా కూర్చుని, పాట ఒకసారి విని, లెక్క వేసుకుని, గడియారంలా వాయించాడు. బావ కాళ్ళు విప్పడం నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి రికార్డింగు మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. బావ వంగి ముడి మీద చెయ్యి వేశాడు. కదలొద్దని కళ్ళతో చెప్పాను. చెయ్యి తీసేశాడు. రెండు వైపులూ పూర్తయ్యేదాకా ఆ మనిషి అలాగే, కట్టేసిన కాళ్ళతో, ఊపిరి చప్పుడు కూడా రానివ్వకుండా, తన డోలు ఇంకొకడి చేతిలో పలకడం విన్నాడు. చెప్పకూడదు గాని, నా బతుకులో అంత బాగా నేనెప్పుడూ వాయించలేదు.

తిరుగు రైల్లో సామర్లకోట దాకా బావ కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత, "మీ అప్పకి సెప్పకురా. దానికి తెలిస్తే ఈదిలో తలెత్తుకోనేదు" అన్నాడు. సరేనన్నాను.

ప్లేటు వచ్చింది. దాని మీద నా పేరూ, కింద చిన్న అక్షరాల్లో బృందం అనీ. ఆ డోలు గొంతు మా వైపు తెలియనివాడు లేడు. విన్నవాళ్ళంతా బావదే అనుకున్నారు. అప్ప ఎవరింట్లో గ్రామఫోను పెట్టె ఉందంటే వాళ్ళింటికి వెళ్ళి విని, ఏడ్చి వచ్చేది. బావ అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. పొగిడితే చుట్ట నోట్లో పెట్టుకునేవాడు.

కొన్నాళ్ళు అలా జరిగిపోయింది. ఇంకా జరిగిపోయేది, నేను నోరు మూసుకుని ఉంటే.

ఎచ్చెర్ల దగ్గర ఒక ఊళ్ళో పొద్దున్న పూట పెళ్ళి. మైకుసెట్టువాడు మా మీద గౌరవంతో మా ప్లేటే వేశాడు. వియ్యాలవారి వైపు పెద్ద ఒకాయన, కాఫీ గ్లాసు పట్టుకుని అందరికీ వినబడేటట్టు, "క్లారినెట్టు సరేగాని, ఆ డోలు సూడండి! అది నేకపోతే ఈ ప్లేటేటి, ఎవులు కొంతారు?" అని బావ భుజం మీద చెయ్యి వేశాడు. బావ చుట్ట కోసం జేబు తడుముకున్నాడు. నా ఒళ్ళు మండింది. నా ప్లేటు, నా పేరు, రెండు వైపులా నా మూడేసి నిమిషాలు. మెప్పు ఈయనకా?

"ఆ దెబ్బ ఈడిది కాదండి" అన్నాను. బావని వాడు అనడం అదే మొదలు. "ఈడు కాల్లాడించకుండా ఒక్క దెబ్బ వెయ్యనేడు. కుర్సీకి కట్టీసి కూకోబెట్టినాం. వాయించింది మద్రాసాయన."

ఆ పెద్దాయన బావ భుజం మీంచి చెయ్యి తీసేశాడు. తర్వాత ఎవరో నవ్వారు. ఇంక పందిరంతా నవ్వింది. "కట్టీసినారా! కాల్లకా!" పెళ్ళికొడుకు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. బావ నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

ఇంతలో ఊరేగింపుకి లేవమన్నారు. బావ డోలు మెడకి తగిలించుకున్నాడు. నేను పాట ఎత్తుకున్నాను. జనం పెళ్ళికొడుకుని వదిలేసి బావ కాళ్ళ వంకే చూస్తున్నారు. "సూడండ్రా, వాయిస్తన్నాయి కాల్లు" అని ఎవడో అన్నాడు. బావ కూడా తల వంచి చూసుకుంటున్నాడు. నాలుగు అడుగులు పడ్డాయి. ఐదోది తడబడింది. కర్ర ఆగింది, కాళ్ళు ఆగాయి. నడివీధిలో, ఎండలో, డోలు మెడలో వేలాడుతుండగా నిలబడిపోయాడు. కచేరీవాళ్ళు కూడా అంత కదలకుండా కూర్చోరు.

నేను వెనక్కి వెళ్ళి, "ఏటి బావా, కానీ" అని పళ్ళు బిగబట్టి అన్నాను.

తలెత్తాడు. ఆ మొహంలో కోపం కోసం వెతికాను. ఉంటే నాకు బావుండేది. కోపం లేదు. తప్పిపోయినవాడు దారి అడిగినట్టు, నా చెవి దగ్గరికి వంగి, మర్యాదగా అడిగాడు.

"ఒరే బావా, ముందు ఏ కాలెయ్యాలి?"

 చెప్పడానికి నాకూ తెలీదు. వెనక వియ్యాలవారు కేకలేస్తున్నారు. తాళమాయనకి సైగ చేసి, పాట అందుకుని, బావని నడివీధిలోనే వదిలేసి, మేం ముగ్గురం ఆయన్ని తప్పుకుని ముందుకి నడిచాం.